తెలుగును మూడు ముక్కలు చేసే పైథాన్: బగ్ అవునో కాదో తేల్చేదెవరు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెలిసినవాళ్లు రెండు నిమిషాల్లో చేయగల ప్రయోగం ఒకటుంది. ‘తెలుగు’ అనే మాట ఇచ్చి, అందులో ఉన్న పదాలను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే ఎలాంటి అక్షరాల వరస కావాలో చెప్పే సూత్రంతో, ఏరి ఇమ్మని అడగండి. పదంలో రాదగిన అక్షరం అని చెప్పడానికి బ్యాక్‌స్లాష్ పెట్టి పక్కన చిన్న డబ్ల్యూ రాస్తారు. అలాంటివి వరసగా ఎన్నుంటే అన్నీ కలిపి తెమ్మనడానికి వెనక ప్లస్ గుర్తు పెడతారు. ఇంగ్లిష్ మాట ఇస్తే మాట మొత్తం తిరిగొస్తుంది. తెలుగు ఇస్తే త, ల, గ అని మూడు ముక్కలు చేతికొస్తాయి. ఎత్వమూ, రెండు కొమ్ములూ గల్లంతు. ‘అమ్మ’ ఇస్తే ‘అమ’ ఒక పదం, ‘మ’ ఇంకో పదం.

ఇదే పైథాన్‌లో ‘తెలుగు’ అనే పేరుతో వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) పెట్టుకోవచ్చు. మూడో వెర్షన్ నుంచీ అందుకు అనుమతి ఉంది. అంటే కోడ్‌ను చదివి విడదీసే పార్సర్‌కు అది ఒకే పేరు, పదాలు వెతికే లైబ్రరీకి (సిద్ధంగా ఇచ్చే కోడ్ కట్టకు) మాత్రం మూడు పేలికలు. ఒకే ఇంట్లో రెండు లెక్కలు.

చూడగానే ఎవరైనా ఇది బగ్, అంటే ప్రోగ్రాంలో తప్పు, అనేస్తారు. ఇదే సంగతి 2007లోనే పైథాన్ బగ్‌ల జాబితాలోకి ఎక్కింది. అప్పుడు రాసినవారి ఫిర్యాదు దేవనాగరి గురించి: పదాలు తునాతునకలు అవుతున్నాయని. గుణింతాలు, ఒత్తులు ఉన్న మన లిపులన్నిటిదీ అదే బాధ. 2011లో పెర్ల్ అనే మరో ప్రోగ్రామింగ్ భాష ప్రపంచంలో పేరున్న టామ్ క్రిస్టియన్‌సెన్ ఇదే లోపాన్ని, అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణాల కోణంలోంచి మళ్లీ లేవనెత్తారు. ఈలోగా ఆ జాబితాయే ఇళ్లు మారింది. మొదట సోర్స్‌ఫోర్జ్‌లో ఉండేది, 2007లో పైథాన్ సొంత సైట్‌కు వచ్చింది, 2022లో గిట్‌హబ్‌కు చేరింది. ఫిర్యాదు కూడా ఆ మూడు ఇళ్లూ తిరిగింది. ఫలితం మాత్రం మారలేదు, ఇవాళ్టికీ ‘తెలుగు’ మూడు ముక్కలే.

పట్టించుకునేవాళ్లు లేకనేమో అనిపిస్తుంది. అది సగం నిజమే. అసలు సంగతి అర్థం కావాలంటే ఒక ప్రోగ్రామింగ్ భాషలో బగ్ అంటే ఏమిటో, దాన్ని బగ్ అని ఒప్పించడం ఎంత పనో చూడాలి. మామూలు యాప్‌లో తప్పు దొరికితే దిద్దేస్తారు, అందరూ సంతోషిస్తారు. భాషలో అలా కుదరదు. దాని మీద లక్షల ప్రోగ్రాములు నిలబడి ఉంటాయి. వాటిలో కొన్ని ఆ తప్పు మీద కూడా నిలబడి ఉంటాయి.

గొడవ లేని బగ్‌లూ ఉంటాయి. పైథాన్‌లో జాబితాలను క్రమంలో పెట్టే పద్ధతిని 2002లో టిమ్ పీటర్స్ తయారుచేశారు. దాన్నే టిమ్‌సార్ట్ అంటారు. తర్వాత జావా అనే భాష కూడా తీసుకుంది. 2015లో కొందరు పరిశోధకులు ఆ పద్ధతి సరైనదని గణితపరంగా నిరూపించబోయి, నిరూపణ కుదరక, అందులో ఉన్న లోపాన్ని పట్టుకున్నారు. పైథాన్‌లో ఆ లోపం బయటపడాలంటే ఏ కంప్యూటర్‌లోనూ పట్టనంత పెద్ద జాబితా కావాలి. అయినా పైథాన్‌లో లెక్కనే సరిచేశారు. జావావాళ్లు లెక్కను ముట్టుకోకుండా, లోపల వాడే చిన్న పట్టికను కాస్త పెద్దది చేసి సరిపెట్టారు. ఏ దారి మేలన్న దాని మీద భిన్నాభిప్రాయాలు ఉండొచ్చు. అది తప్పేనన్న దాని మీద మాత్రం వాదన లేదు. క్రమంలో పెట్టమంటే పెట్టాలి, మధ్యలో కూలిపోకూడదు.

చిక్కంతా ‘మేం కావాలనే అలా పెట్టాం’ అనే జవాబు వచ్చే బగ్‌లతోనే. దానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అర్ధరాత్రి బగ్.

పైథాన్‌లో దేన్నైనా ‘ఇఫ్’ పక్కన పెట్టి, ఉందా లేదా అని అడగొచ్చు. సున్నా, ఖాళీ మాట, ఖాళీ జాబితా, ఏమీ లేదని చెప్పే ‘నన్’ అనే విలువ, ఇవన్నీ లేనట్టు లెక్క. మిగతావన్నీ ఉన్నట్టు లెక్క. 2003లో వచ్చిన 2.3 వెర్షన్‌లో తేదీలకు, సమయాలకు ఒక లైబ్రరీ చేర్చారు. అందులో గడియారంలోని సమయాన్ని మాత్రమే చెప్పే ‘టైమ్’ అనే రకం ఉంది. ఆ రకంలో అర్ధరాత్రి పన్నెండు గంటలు లేనట్టు లెక్క. ఒంటిగంట ఉన్నట్టు, పన్నెండూ ఒక నిమిషం ఉన్నట్టు, సరిగ్గా పన్నెండు మాత్రం లేనట్టు.

దీంతో ఏమయ్యేదో ఊహించండి. మందు వేసుకోమని గుర్తుచేసే ప్రోగ్రాం ఒకటి రాశారనుకుందాం. వాడేవాళ్లు సమయం ఇచ్చారా లేదా అని చూడటానికి ‘ఇఫ్’ పక్కన ఆ సమయాన్ని పెట్టారు. పగలంతా పరీక్షించారు, అన్నీ సరిగానే ఉన్నాయి. ఒకరు వచ్చి రాత్రి పన్నెండుకు గుర్తుచేయమన్నారు. ప్రోగ్రాం, వీళ్లు సమయమే ఇవ్వలేదనుకుని ఊరుకుంది. రోజులో ఉన్న 1440 నిమిషాల్లో ఒక్క నిమిషంలో మాత్రమే తప్పు చేసే బగ్‌ను టెస్టింగ్‌లో పట్టుకోవడం ఎంత కష్టమో ఈ పని చేసినవాళ్లకు తెలుసు.

ఇందులో మనకు నేరుగా తగిలే మెలిక ఒకటుంది. టైమ్‌జోన్ జతచేసిన సమయమైతే, స్థానిక సమయంలోంచి యూటీసీతో (ప్రపంచానికంతా ప్రామాణికమైన సమయంతో) ఉన్న తేడా తీసేసి, మిగిలింది సున్నా అయితే లేనట్టు లెక్క అని నియమం. భారత కాలమానం యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి మన దగ్గర అర్ధరాత్రికి ఏ ఇబ్బందీ లేదు, తెల్లవారుజామున ఐదున్నర లేనట్టు లెక్క. యూటీసీ కంటే వెనక ఉండే అమెరికా టైమ్‌జోన్లలో అయితే ఆ తేడా మైనస్‌లో ఉండి, తీసివేత ఎప్పటికీ సున్నా కాదు గనక, ఇరవై నాలుగు గంటల్లో ఏ సమయానికీ ఈ ఇబ్బంది లేదు. భూమ్మీద ఎక్కడున్నామన్న దాన్ని బట్టి బగ్ ఉంటుంది, లేదా ఉండదు.

2012లో ఒకరు దీన్ని బగ్ అని నమోదు చేశారు. డాక్యుమెంటేషన్‌లో, అంటే పైథాన్ అధికారిక వివరణలో, రాసినట్టే పనిచేస్తోంది కాబట్టి బగ్ కాదని మూసేశారు. ఆ జవాబు వినడానికి మొండిగా ఉన్నా, దాని వెనక బలం ఉంది. డాక్యుమెంటేషన్‌లో ఆ నియమం స్పష్టంగా రాసి ఉంది. అంతకంటే ముఖ్యంగా, పైథాన్ సొంత టెస్టుల్లో అర్ధరాత్రి లేనట్టే రావాలని పరీక్షించే లైను ఉంది. అంటే ఎవరో మరిచిపోయి వదిలేసింది కాదు, కావాలని పెట్టి కాపలా కూడా పెట్టారు. సున్నా సంఖ్య లేనట్టయితే సున్నా సమయం ఎందుకు కాకూడదన్నది వాళ్ల తర్కం. ‘ఇచ్చారా లేదా’ అని తెలుసుకోవాలంటే ‘నన్’తో పోల్చి చూడాలి, అలా చూడని ప్రోగ్రామర్‌దే తప్పని ఇంకో వాదన. ఏళ్లుగా ఉన్నదాన్ని మారిస్తే ఎక్కడ ఎవరి కోడ్ విరుగుతుందోనన్న భయం మూడోది.

2014లో ఇది మళ్లీ పెద్ద చర్చకు వచ్చింది. ఈసారి నెగ్గిన వాదనలు నాకు ఇప్పటికీ నచ్చుతాయి, ఎందుకంటే అవి ఎవరి తప్పన్న చోట ఆగిపోలేదు. సమయం అనేది సంఖ్య కాదు. గడియారంలో రెండు గంటలైన సమయాన్ని మూడు గంటలైన సమయంతో కూడలేం. వ్యవధిని కూడగలం. సున్నా వ్యవధి అంటే నిజంగానే ఏమీ లేదు, అది లేనట్టు రావడం సబబే, ఇప్పటికీ అలాగే వస్తుంది. అర్ధరాత్రి అంటే ఏమీ లేకపోవడం కాదు, మిగతా క్షణాల్లాగే అదీ ఒక క్షణం. పైగా తేదీ, సమయం కలిసిన రకంలో అర్ధరాత్రి ఎప్పుడూ ఉన్నట్టే వచ్చేది. ఒకే లైబ్రరీలో అక్కడ ఒకలా ఇక్కడ ఒకలా ఎందుకు? ఇక అన్నిటికంటే బలమైన ప్రశ్న: ఈ ప్రవర్తన కావాలని, దీని మీదే ఆధారపడి రాసిన మంచి కోడ్ ఎక్కడైనా ఉందా? దెబ్బతిన్నవాళ్లు కనిపిస్తున్నారు, లాభపడ్డవాళ్లు కనిపించడం లేదు.

మూసిన బగ్‌ను తెరిచారు. అసలు మరమ్మతు విషయానికొస్తే, సమయం ఉన్నట్టా లేనట్టా అని తేల్చే చిన్న ఫంక్షన్‌ను తీసేశారు, అంతే. పైథాన్‌లో రాసిన ప్రతిలోంచి కొన్ని లైన్లు, సీ భాషలో రాసిన ప్రతిలోంచి కొన్ని లైన్లు. లేనట్టు రావాలన్న టెస్టును ఉన్నట్టు రావాలని తిప్పి రాశారు. కొత్తగా రాసిందాని కంటే తీసేసిందే ఎక్కువ. అది 2015 సెప్టెంబరులో వచ్చిన 3.5 వెర్షన్‌లో చేరింది. ఈ ప్రవర్తన అర్థం కాని విధంగా, తప్పులకు దారితీసేలా ఉంది కాబట్టి తొలగించామని డాక్యుమెంటేషన్‌లో దాచకుండా రాశారు. 2012లో ‘డాక్యుమెంటేషన్‌లో ఉంది కదా’ అన్నచోటే ఈ మాట రాయడం చిన్న విషయం కాదు.

అయితే పాత వెర్షన్లకు ఈ మార్పు పంపలేదు. అప్పటికే విడుదలైన వెర్షన్‌కు వచ్చే చిన్న అప్‌డేట్లలో ప్రవర్తన మారకూడదన్నది వాళ్ల కట్టుబాటు. 2.7 వెర్షన్ 2020లో ముగిసిపోయేదాకా అందులో అర్ధరాత్రి లేనట్టే ఉండిపోయింది. కొందరికి ఇది అన్యాయంగా తోస్తుంది. నాకైతే సరైనదే అనిపిస్తుంది. రాత్రికి రాత్రి సర్వర్‌లో అప్‌డేట్ వేసుకున్నవాళ్లకు పొద్దున్నే ప్రోగ్రాం వేరేలా నడిస్తే, ఆ టెన్షన్ పడేది బగ్ దిద్దినవాళ్లు కాదు.

ఆ కట్టుబాటుకు మినహాయింపు భద్రతా లోపాలే. వాటి దారి వేరు. ముందు బహిరంగంగా చర్చించరు, ఒక చిన్న బృందానికి గుట్టుగా తెలియజేయాలి. పైథాన్‌లో చాలా పొడవైన అంకెల వరసను సంఖ్యగా మార్చమంటే, వరస రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. ఎవరైనా కావాలని కొన్ని లక్షల అంకెలు పంపి సర్వర్‌ను స్తంభింపజేయవచ్చు. 2020లో గుర్తింపు సంఖ్య పొందిన ఈ లోపానికి 2022 సెప్టెంబరులో మరమ్మతు వచ్చింది. డిఫాల్ట్‌గా 4300 అంకెలు దాటితే ఎర్రర్ ఇస్తుంది. దీన్ని వాడుకలో ఉన్న పాత వెర్షన్ల అప్‌డేట్లలోనూ పెట్టేశారు. పెద్ద సంఖ్యలతో గణితం చేసుకునేవాళ్ల కోడ్ ఉన్నట్టుండి ఆగిపోయింది, అభ్యంతరాలు వెల్లువెత్తాయి. అందరిముందూ చర్చ జరగకుండా వచ్చిన మార్పు ఎంత సబబైనదైనా మింగుడుపడటం కష్టమని అప్పుడు అర్థమైంది.

ఎవరు తేలుస్తారన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు సులువే. 2018 దాకా భాషను సృష్టించిన గైడో వాన్ రాసమ్‌దే ఆఖరి మాట. ఆ ఏడాది జులైలో ఆయన తప్పుకున్నారు. 2019 నుంచి, పైథాన్ కోడ్‌ను మార్చే హక్కున్న కోర్ డెవలపర్లు ఎన్నుకునే ఐదుగురి స్టీరింగ్ కౌన్సిల్ ఉంది. కానీ నూటికి తొంభై బగ్‌లు అక్కడిదాకా వెళ్లవు. ఆ భాగం బాగా తెలిసిన ఒకరిద్దరు కోర్ డెవలపర్లు చూసి సరేనంటే కలిసిపోతాయి. ఎక్కువ బగ్‌ల కథ ‘కాదు’ అన్న మాటతో కూడా ముగియదు. ఎవరూ ఏమీ అనకపోవడంతో ఆగిపోతుంది. చూసేవాళ్లు కొద్దిమంది, చాలామంది సొంత తీరికలో చేసేవాళ్లే. అందుకే ఫిర్యాదు రాసే తీరుకు అంత విలువ. ‘పైథాన్‌కు తెలుగు రాదు’ అని రాస్తే చదివి బాధపడతారు, అంతకుమించి ఏమీ చేయలేరు. ఏ వెర్షన్, ఏ మాట ఇచ్చాం, ఏమొచ్చింది, ఏం రావాలి, అలా రావాలని ఏ ప్రమాణం చెబుతోంది అని ఐదు లైన్లలో రాస్తే, అవతలివాళ్లు వెంటనే తమ కంప్యూటర్‌లో వేసి చూడగలరు.

ఇప్పుడు మన మూడు ముక్కల దగ్గరకు వద్దాం. ఇది ఎందుకు జరుగుతోందో చెప్పడం తేలికే. యూనికోడ్‌లో ‘తెలుగు’ ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. హల్లులు అక్షరాల తరగతిలో ఉంటాయి. గుణింతాలు, పొల్లు, సున్నా, విసర్గ ‘మార్కులు’ అనే వేరే తరగతిలో ఉంటాయి. అక్షరమో, అంకెనో, అండర్‌స్కోరో అయితేనే పైథాన్ దాన్ని పదంలో భాగంగా ఒప్పుకుంటుంది. మార్కులను ఒప్పుకోదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మీద యూనికోడ్ సంస్థ ఇచ్చిన ప్రమాణం మాత్రం పదంలో మార్కులు కూడా ఉండాలని చెబుతోంది. పెర్ల్, రస్ట్ భాషలు దాన్ని పాటిస్తున్నాయి.

దీని దెబ్బ వ్యాసంలో పదాలు లెక్కపెట్టుకోవడంతో ఆగదు. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో, యూజర్‌నేమ్ సరిగా ఉందో లేదో చూసే నియమం ఈ డబ్ల్యూ మీదే ఆధారపడి ఉంది. ఏ లిపి అక్షరాలైనా సరేననడమే దాని ఉద్దేశం. అక్కడ తెలుగులో ‘కమల’ అని పేరు పెట్టుకోవచ్చు, మూడూ హల్లులే. ‘సీత’ అని పెట్టుకుంటే చెల్లదు, సీకి గుడి దీర్ఘం ఉంది కాబట్టి. ‘రమ’ చెల్లుతుంది, ‘రాధ’ చెల్లదు. ఈ తేడా ఎందుకో ఆ రాధకు ఎవరూ చెప్పలేరు.

మరి మార్చేయొచ్చు కదా? అర్ధరాత్రి చర్చలో గెలిపించిన ప్రశ్ననే ఇక్కడా వేసి చూడాలి: ఇప్పుడున్న ప్రవర్తన మీద ఆధారపడ్డ మంచి కోడ్ ఉందా? దురదృష్టవశాత్తూ ఉంది. పేర్లు, పాస్‌వర్డ్‌లు, ఫైల్ పేర్లు సరిచూసే నియమాలు ఎన్నో దీని మీద నడుస్తున్నాయి. మార్కులను లోపలికి రానిస్తే, కంటికి ఒకేలా కనిపించి కంప్యూటర్‌కు వేరుగా ఉండే పేర్లు తయారుచేయడం సులువవుతుంది. ఒకరి పేరుతో మరొకరు ఖాతా తెరవొచ్చు. ఇది ఉత్తుత్తి భయం కాదు. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు కూడా ఈ డబ్ల్యూ మీదే ఆధారపడుతుంది, కాబట్టి ఒకటి మారితే అదీ మారుతుంది.

మనవైపు కూడా ఒక చిక్కు ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. టకు పొల్లు విడిగా నిలబడాలి, వ దాని కింద వావత్తుగా చేరకూడదు. అందుకోసం మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి టైప్ చేస్తాం. అది అక్షరమూ కాదు, మార్కూ కాదు. ఇవాళ ఆ మాట ఐదు ముక్కలవుతుంది. మార్కులను ఒప్పుకుంటే రెండు ముక్కలవుతుంది, ఒకే పదంగా మాత్రం రాదు. రావాలంటే ఆ కనిపించని గుర్తును కూడా పదంలో భాగమనాలి. యూనికోడ్ ప్రమాణం అదే చెబుతోంది. కానీ యూజర్‌నేమ్‌లలో కనిపించని గుర్తులంటే భద్రత చూసేవాళ్లకు గుండె జారుతుంది. ఎవరినీ తప్పుపట్టలేం.

ఇలాంటి చోట బయటపడే దారి మూడోది ఉంటుంది. జావాలో 2011లో వచ్చిన 7వ వెర్షన్ ఆ పనే చేసింది. పాత అర్థాన్ని అలాగే ఉంచి, యూనికోడ్ పద్ధతి కావాలన్నవాళ్లకు ఒక ఫ్లాగ్, అంటే కావాలంటే వేసుకునే మీట, ఇచ్చింది. ఎవరి కోడూ విరగలేదు. పైథాన్‌లోనే విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ‘రీజెక్స్’ అనే లైబ్రరీ ఉంది. 2007 నాటి ఆ ఫిర్యాదు నంబరును పేర్కొని మరీ, పదాక్షరం నిర్వచనాన్ని యూనికోడ్‌కు తగ్గట్టు విస్తరించామని దాని వివరణలో రాసుకున్నారు. తెలుగుతో పనిచేసేవాళ్లు ప్రస్తుతానికి దాన్ని వాడుకోవడం మేలు. కానీ అసలు లైబ్రరీతో మొదలుపెట్టిన కుర్రాడికి ఇలాంటిది ఒకటుందని తెలియదు. తన కోడే తప్పనుకుంటాడు.

పైథాన్‌వాళ్లు ఈమధ్య చేసిందల్లా డాక్యుమెంటేషన్‌ను మార్చడం. ఏ భాషలోనైనా పదంలో భాగం కాగల అక్షరాలు చాలావరకు ఇందులోకి వస్తాయని పాత వెర్షన్లలో రాసి ఉండేది. మనకు సంబంధించి అది నిజం కాదు. ఇప్పుడు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే అని కచ్చితంగా రాశారు. నిజాయితీగా చెప్పడం మంచిదే. కానీ దీనితో, ఇది మాట తప్పడమని ఇంతకాలం మనకున్న బలమైన వాదన కూడా చేజారింది. ఇక అడగాల్సింది బగ్ దిద్దమని కాదు, ఫ్లాగ్ ఇమ్మని. అంటే కొత్త సౌకర్యం. దానికి ప్రతిపాదన కావాలి, రాసేవాళ్లు కావాలి, వచ్చాక ఏళ్ల తరబడి చూసుకునేవాళ్లు కావాలి.

ఆ పని ఎవరు తలకెత్తుకున్నా మొదట కావలసింది టెస్టులు. ఏ మాట ఇస్తే ఏం రావాలో చెప్పే టెస్టులు, తెలుగు రానివాళ్లు కూడా నడిపి చూసుకోగలిగేవి. ఒత్తుకు ‘అమ్మ’, దీర్ఘానికి ‘సీత’, వట్రుసుడికి ‘కృష్ణ’, విసర్గకూ సున్నాకూ కలిపి ‘దుఃఖం’, కనిపించని గుర్తుకు ‘సాఫ్ట్‌వేర్’. ఐదు మాటలు ఇస్తే ఐదు పదాలు తిరిగి రావాలి. ఇవాళ ఆ ఐదు మాటలకు పద్నాలుగు ముక్కలు వస్తున్నాయి.